త్రాసుముల్లు

కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ కొల్లేరు సరస్సు కలదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు మొదలగు ఏరులు తెచ్చు నీరు ఈ పల్లపునేలలో నిలుచును. మిగిలిన నీరు ఉప్పుటేటి మార్గమున బంగాళాఖాతమును చేరును. సరస్సులోని దిబ్బలపై వెలసిన గ్రామములకు లంకలని పేరు. ఆ లంకలలోని జాలరులకు నీరే పొలము, చేపయే పంట. వారు తెల్లవారక మునుపే దోనెలపై వెడలి, రాత్రి పన్నిన వలలను, వెదురుబద్దలతో అల్లిన మావులను పైకెత్తుదురు. వానిలో చిక్కిన కొరమేనులను, జెల్లలను, బొమ్మిడాయిలను బుట్టల కెత్తుకొని ఒడ్డు చేరుదురు.

చేపను పట్టుటతో పని సగమే ముగియును. పట్టిన చేప ప్రొద్దెక్కక మునుపే అంగడి చేరవలెను. ధాన్యమును గాదెలో దాచవచ్చును. బెల్లమును అటకపై నుంచవచ్చును. చేప యట్లు నిలువదు. ఎండ ముదిరిన కొలది దాని వెల తగ్గుచుండును. ఈ సంగతి అమ్మునామెకు తెలియును, కొనువానికిని తెలియును. అందుచేత ఆమె తొందరపడును, అతడు తొందరపడడు. అంగడిలో ప్రతిదినమును వీరిరువురి నడుమ జరుగు పోరాటమునకే బేరమని పేరు. ఆ పోరాటము న్యాయముగా జరుగుటకు మనుష్యులు ఏయే కట్టుబాట్లు కనుగొనిరో తెలిసికొనుట ఉపయోగకరము. ఏలయన, అంగడికి పోని మనుష్యుడు లేడు.

కొల్లేటి చేపలు చేరు పట్టణములలో ఏలూరు పురాతనమైనది. దానికి సమీపముననున్న పెదవేగియే ఒకప్పటి వేంగీ రాజధాని. 1925లో పశ్చిమగోదావరి జిల్లా ఏర్పడిన పిదప చిరకాలము ఏలూరు దానికి ముఖ్యపట్టణముగా నుండెను. 2022 ఏప్రిల్ 4 నుండి తన పేరుగల జిల్లాకే ముఖ్యపట్టణమైనది. కృష్ణకు బెజవాడకడను, గోదావరికి ధవళేశ్వరముకడను ఆనకట్టలు కట్టిన తరువాత ఆ రెండు నదుల కాలువలును ఏలూరివరకు వచ్చినవి. రైళ్లును లారీలును ప్రబలక మునుపు ధాన్యము, బెల్లము, కలప మొదలగు సరకులు పడవలమీదనే ఈ ఊరు చేరెడివి. కావున కొనుగోలు అమ్మకములు ఈ పట్టణమునకు క్రొత్తవి కావు.

ఇచ్చటి చేపల అంగడిలో ఉదయమున నిలిచినచో ఇట్టి సంభాషణ తప్పక వినబడును. లంకనుండి వచ్చిన ముసలామె తట్ట దింపుకొని, చేపలను కుప్పలుగా పోసి కూర్చుండును. సంచి చేతబట్టుకొని ఒక గృహిణి వచ్చి ఆమె యెదుట నిలుచును.

“మామ్మా, ఈ కుప్ప ఎంత?”

“రెండు వందలమ్మా. బోణీ బేరం, కాదనకు తల్లీ.”

“రెండు వందలే! నూట ఇరవై చేసుకో.”

“నీళ్లలోంచి తీసి గంట కాలేదమ్మా. మొప్ప ఎత్తి చూడు, ఎంత ఎర్రగా ఉందో. నూట డెబ్బై ఇయ్యి.”

“నూట యాభై ఇస్తాను. పైన కొసరు వెయ్యాలి.”

“సరే, పట్టు సంచి. నీ చేతి బోణీ మంచిదైతే అంతే చాలు.”

ఇట్లు బేరము కుదిరిన పిదప ముసలామె కుప్పను సంచిలో వేసి, దానిపై రెండు చిన్నచేపలను కొసరుగా వేయును. కొసరు ధరలో చేరినది కాదు. అడిగి పుచ్చుకొన్నను అది దయతో నిచ్చినదే. మొదటి బేరమునకు బోణీ యని పేరు. బోణీ చేసినవారి చేతిచలువను బట్టియే నాటి వ్యాపారము సాగునని అమ్మువారి నమ్మకము. ధాన్యమును కొలుచువారు మొదటి కొలతను ‘ఒకటి’ యనక ‘లాభము’ అని పలుకుటయు ఇట్టి ఆచారమే. అంగడిలో లెక్కలతోపాటు మర్యాదలును కలవని ఈ మాటలు తెలుపుచున్నవి.

అయినను బేరమునందు ఒక లోపము కలదు. అదే కుప్పను ముగ్గురు కొనవచ్చినచో ముగ్గురకు మూడు వెలలు పడవచ్చును. మాటనేర్పరి తక్కువ యిచ్చును. మొగమాటపరుడు ఎక్కువ యిచ్చును. తల్లి పంపగా వచ్చిన పిల్లవాడును, ఊరికి క్రొత్తగా వచ్చినవాడును మరింత ఎక్కువ యిత్తురు. అమ్మువారికిని ఇదే గతి. ఇంటికడ పసిబిడ్డ యున్న స్త్రీ త్వరగా అమ్ముకొని పోవలెనని వచ్చిన వెలకే యిచ్చివేయును. బేరము తెలివికి బహుమతి నిచ్చును గాని, అవసరమును కనికరింపదు.

వెలకంటెను వంచనకు ఎక్కువ చోటిచ్చునది కొలత. పూర్వము ఈ ప్రాంతమున తూకమునకు వీశెలును మణుగులును, కొలతకు సోలలు, తవ్వలు, మానికలు, కుంచములును వాడుకలో నుండెను. వీశెకు 120 తులములు. 8 వీశెలు ఒక మణుగు. పేర్లు ఒక్కటియే యైనను ఊరూరికిని కుంచపు పరిమాణము మారుచుండెడిది. కొనునప్పుడు పెద్దకుంచమును, అమ్మునప్పుడు చిన్నకుంచమును వాడు వర్తకులును లేకపోలేదు. త్రాసు తట్టలు రెండును సమముగా నుండక ఒకటి క్రిందికి వ్రాలుటను పాసంగమందురు. పాసంగముగల త్రాసున తూచిన సరకు కంటికి నిండుగనే కనబడును. ఇంటికి పోయిన పిదప తరుగు తెలియును.

ఈ గందరగోళమును తొలగించుటకు భారత ప్రభుత్వము 1956లో తూనికలు కొలతల ప్రమాణముల చట్టమును చేసెను. 1957 ఏప్రిల్ 1 నుండి రూపాయికి 16 అణాల లెక్క పోయి, 100 నయాపైసల లెక్క వచ్చెను. 1958 అక్టోబరునుండి క్రమక్రమముగా వీశెలకు మారుగా కిలోగ్రాములు ప్రవేశించెను. పాత వీశె యించుమించుగా 1 కిలో 400 గ్రాములు. అలవాటుపడిన పాతలెక్కలను విడుచుటకు పెద్దలు కష్టపడిరి. కాని దేశమంతట ఒకే కిలో యైనందున, లంకనుండి వచ్చిన నిరక్షరాస్యురాలిని పెద్దకుంచముతో మోసగించుటకు వీలు తగ్గెను. తూనికరాళ్లపై ప్రభుత్వపుముద్ర నేటికిని వేయుచున్నారు. ఆ చిన్నముద్ర బలహీనుని పక్షమున నిలుచు సాక్షి.

చిల్లర అంగడినుండి టోకు అంగడికి పోయినచో బేరము మరియొక రూపమున కానవచ్చును. ఏలూరినుండి చెన్నై–హౌరా రైలుమార్గమున ఈశాన్యముగా పోగా తాడేపల్లిగూడెము వచ్చును. ఉల్లిపాయల టోకు వ్యాపారమునకు ఆ ఊరు పేరుగాంచినది. కర్నూలు సీమనుండియు మహారాష్ట్రమునుండియు లారీలపై ఉల్లి అచ్చటికి వచ్చును. ముఠాకూలీలు బస్తాలను దింపి వరుసలుగా పేర్తురు. వర్తకులు బస్తా విప్పించి, పాయ పరిమాణమును, రంగును, తడిని పరీక్షించి ధర పలుకుదురు. అనేక దినములు దారిలో తడిసిన ఉల్లి త్వరగా మురుగును. బాగుగా ఆరిన ఉల్లి నిలువయుండును. కావున తడిసిన సరకు తెచ్చిన రైతునకు, లంకలోని చేపలామెకువలెనే, కాలము శత్రువగును. వందల మైళ్లనుండి సరకు తెచ్చినవాడు ధర నచ్చలేదని దానిని వెనుకకు కొనిపోలేడు. అట్టి చోట ధర ఎట్లు నిర్ణయింపబడినదో అతనికి తెలియుట మిక్కిలి అవసరము.

ధర తెలియకుండ దాచు పద్ధతియు పూర్వమునుండి కలదు. తెలుగునాట పశువుల సంతలలో బేరము పలువురకు వినబడునట్లు సాగదు. కొనువాడును అమ్మువాడును తమ చేతులపై ఒక తువ్వాలు కప్పుకొందురు. ఆ గుడ్డచాటున ఒకరి వ్రేళ్ల నొకరు పట్టి ధరను తెలుపుకొందురు. చుట్టునున్నవారికి మొగములు కనబడునే గాని ధర కనబడదు. నడుమ దళారి యున్నప్పుడు అతడు ఒకరికి చెప్పినది మరియొకరికి తెలియదు. ఎద్దు నమ్మిన రైతు ఎంతకు అమ్మెనో తాను తెలిసికొనునుగాని, ప్రక్కనున్న ఎద్దు ఎంతకు పోయెనో యెరుగడు. పోల్చి చూచుటకు వీలులేని ధర న్యాయమైనదో కాదో చెప్పుట యెట్లు?

ఇట్టి చిక్కులు ఒక్క దేశమునకు చెందినవి కావు. సముద్రములకావలనున్న జపానుదేశమువారును వీనిని ఎదుర్కొనిరి. ఆ దేశపు ముఖ్యనగరమైన టోక్యోకు పూర్వము ఎదో యని పేరు. నాడు ఆ నగరమున పట్టువస్త్రముల వర్తకులు ధనవంతుల యిండ్లకు సరకు కొనిపోయి అరువున అమ్మెడివారు. ఏడాదికి ఒకటి రెండు మారులు మాత్రమే సొమ్ము వసూలయ్యెడిది. ఆలస్యమునకు వడ్డీయు, రాని బాకీలకు నష్టమును ముందే వెలలో కలుపుకొనెడివారు. వస్త్రమును తాను తానుగానే అమ్మెడివారు. కాబట్టి సామాన్యునకు పట్టుబట్ట అందని పండు.

1673లో మిత్సుయి తకతోషి యను వర్తకుడు ఎదోలో ఎచిగోయా యను వస్త్రపుటంగడిని తెరచి, ఈ పద్ధతిని తలక్రిందులు చేసెను. సరకు ఇంటికి రాదు, కొనువారే అంగడికి రావలెను; అరువు లేదు, రొక్కమే యియ్యవలెను; బేరము లేదు, చెప్పిన ధరయే ధర. ఈ సంగతిని 1683లో కరపత్రములు పంచి ఊరంతటికి తెలిపెను. పేదవాడు కావలసినంత గుడ్డ కొనుటకు వీలుగా తానును చించి యమ్ముట కూడ ఆరంభించెను. తోటివర్తకులు కోపించి అతనిని పలువిధముల బాధించిరి. కాని జనులు ఆ యంగడికే గుంపులుగా వచ్చిరి. అరువు పోయినందున వెల తగ్గెను. ఒకే వెల యైనందున, పసిపిల్లవానిని పంపినను మోసము జరుగదన్న ధైర్యము కలిగెను. ఆ యంగడియే 1904లో మిత్సుకోషి యను పేరుతో ఆధునిక పద్ధతిని అన్ని వస్తువులును ఒకేచోట అమ్ము మహావిపణిగా మారెను. 1914లో కట్టిన దాని భవనమున, మనుష్యులను పైఅంతస్తునకు మోసికొనిపోవు కదలుమెట్లను చూచుటకే జనులు వచ్చిరట!

బేరము లేనిచోట కొసరును ఉండదు కదా యని సందేహము కలుగవచ్చును. ఎచిగోయావారు ఆ లోటును మరియొకవిధమున తీర్చిరి. హఠాత్తుగా వాన కురిసిన దినమున, అంగడికి వచ్చినవారికి తమ గుర్తుగల గొడుగులను ఎరువిచ్చెడివారు. కొనువారు ఆ గొడుగులతో వీథులవెంట పోవుచుండగా అంగడిపేరు ఊరంతట కనబడెడిది. దానివలన వర్తకునకు ప్రకటనయు, కొనువారికి మేలును కలిగెను. కట్టుధరయైనను మర్యాదకు చోటుండునని ఈ గొడుగులు తెలుపుచున్నవి.

అయినను అన్ని సరకులకును కట్టుధర కుదురదు. బట్ట రేపటికిని బట్టయే. చేప రేపటికి చేపకాదు. ఏనాటి వల ఏనాటిదో గనుక చేపల వెల దినదినమును మారవలసినదే. దీనికి జపానువారు బహిరంగపు వేలమును అవలంబించిరి. టోక్యోలో నిహోన్‌బాషికడ నుండిన పాత చేపల అంగడి 1923 నాటి భూకంపమున పాడయ్యెను. 1935లో త్సుకిజియందు క్రొత్త అంగడి తెరవబడెను. 2018 అక్టోబరులో టోకు వ్యాపారము తొయోసునకు మారెను. అచ్చట తెల్లవారుజామున తూనా యను పెద్ద సముద్రపుచేపలను వరుసగా పరుండబెట్టుదురు. అనుమతిపొందిన వర్తకులు చేతిదీపముతో ప్రతి చేపయొక్క తోకకడి కోతను పరిశీలించి, మాంసమును వ్రేళ్లతో నలిపి దాని కొవ్వును అంచనా కట్టుదురు. గంట మ్రోగగనే వేలము మొదలగును. వర్తకులు తమ ధరను వ్రేళ్లసంజ్ఞలతో తెలుపుదురు.

ఇందు గమనింపదగిన విశేషము కలదు. తెలుగు సంతలోను వ్రేళ్లే ధర చెప్పుచున్నవి. టోక్యో అంగడిలోను వ్రేళ్లే ధర చెప్పుచున్నవి. మొదటిచోట వ్రేళ్లు తువ్వాలు క్రింద నున్నవి. రెండవచోట చేయి పైకెత్తబడి, అందరకును కనబడుచున్నది. తేడా వ్రేళ్లలో లేదు, గుడ్డలో నున్నది. గుడ్డ తొలగించినంతనే ప్రతి ధరయు తరువాతి ధరకు కొలతబద్ద యగును.

తెలుగుదేశమున ఆ గుడ్డను తొలగించుటకు జరిగిన ప్రయత్నములలో రైతుబజారులు ముఖ్యమైనవి. 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇవి ఆరంభమయ్యెను. కూరగాయలను పండించిన రైతు దళారితో పనిలేకుండ తానే తెచ్చి అమ్ముకొనుటయే వీని యుద్దేశము. ప్రతి ఉదయమును ఆనాటి ధరలను పలకపై వ్రాసి ద్వారముకడ నుంచెదరు. ఆ ధర రైతునకు టోకు ధరకంటె ఎక్కువగను, కొనువారికి చిల్లర ధరకంటె తక్కువగను ఉండునట్లు చూచెదరు. ఏలూరిలోను ఇట్టి బజారు కలదు. చదువురాని వృద్ధుడైనను ప్రక్కనున్న బడిపిల్లవానిని పిలిచి, “బాబూ, వంకాయ ఎంతని రాశారో చూడు” అని అడిగి తెలిసికొనవచ్చును. అంగడిలో అక్షరజ్ఞానము ఎంత యుపకారియో ఆ పలక చెప్పుచున్నది.

ధరయు తూకమును సరిగా నున్నను సరకు చెడ్డదైనచో అంగడి నిలువదు. దీనికి ఏలూరి తివాసీలే దృష్టాంతము. పూర్వము పారశీకమునుండి వచ్చిన నేతగాండ్రు ఈ విద్యను ఇచ్చటికి తెచ్చిరని చెప్పుదురు. 1851లో లండనునగరమున జరిగిన మహాప్రదర్శనమున ఏలూరి తివాసీలును చోటు పొందినవి. దూరదేశమున కొనువాడు నేతగాని మొగ మెరుగడు. రంగు నిలుచునని, ముడి సడలదని నమ్మి కొనెడివాడు. 19వ శతాబ్దపు చివరిభాగమున చౌక రసాయనపు రంగులును, తొందరపనియు భారతీయ తివాసీల పేరును దెబ్బతీసినవి. నూరేండ్లు కూడబెట్టిన నమ్మకము కొలది వత్సరములలో సన్నగిల్లెను. పేరును కాపాడుట చట్టమునకు సాధ్యము. పేరునకు తగిన నేత నేయుట నేతగానికే సాధ్యము.

త్రాసునకు అందని బరువులును కొన్ని కలవు. ఇటీవలి దశాబ్దులలో కొల్లేటి చుట్టును చేపలచెరువులు విస్తరించినవి. అచ్చట పెంచిన బొచ్చె, శీలావతి మొదలగు చేపలను మంచులో పేర్చి లారీలపై వంగదేశమునకు పంపుచున్నారు. ఈ వ్యాపారమువలన అనేకులకు జీవనము దొరకినది. కాని చెరువులగట్లు సరస్సులోనికి చొచ్చుకొనివచ్చినవి. నీటిదారులు మూసికొనిపోయినవి. 1999లో ప్రభుత్వము కొల్లేటిని వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించెను. 2002లో రామ్‌సర్ ఒప్పందమునుబట్టి అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా గుర్తింపు వచ్చెను. 2006లో అభయారణ్యపు హద్దులలోని చెరువుల గట్లను పెక్కింటిని తెగగొట్టిరి. దానివలన జీవనము కోల్పోయినవారును కలరు. చేపను కొనువాడు చేపకు వెల యిచ్చును. ఆ చేపను పెంచిన సరస్సునకు వెల యెవ్వరిత్తురు? ఏ ధరలపలకపైనను ఆ యంకె వ్రాయబడలేదు. దానిని ఆలోచించుట కొనువారి ధర్మము.

కొనువారికి హక్కులును కలవు. 1986లో వినియోగదారుల రక్షణ చట్టము పుట్టెను. దానికి రాష్ట్రపతి యామోదము లభించిన డిసెంబరు 24వ తేదీని జాతీయ వినియోగదారుల దినముగా జరుపుచున్నారు. దాని స్థానమున 2019లో క్రొత్త చట్టము చేయబడి, 2020లో అమలులోనికి వచ్చెను. తూకము తగ్గినను, సరకు చెడ్డదైనను, పొట్లముపై ముద్రించిన గరిష్ఠపు ధరకు మించి వసూలుచేసినను ఫిర్యాదు చేయవచ్చును. బిల్లు అడిగి తీసికొనుట పిసినితనము కాదు. అది వర్తకునకును కొనువానికిని నడుమనున్న వ్రాతసాక్ష్యము. అట్లే, లంకనుండి నడచివచ్చిన ముసలామెకడ పది రూపాయలకై గంటసేపు వాదించి, కట్టుధర వ్రాసిన పెద్ద యంగడిలో నోరెత్తక సొమ్ము చెల్లించుట నేర్పు అనిపించుకొనదు. హక్కు నెరుగుటయు, ఎదుటివాని అవసర మెరుగుటయు రెండును కొనువాని చదువులో భాగములే.

నేడు ఏలూరి చేపల అంగడిలో పాతత్రాసులు తగ్గి, అంకెలు చూపు విద్యుత్తు కాటాలు వచ్చినవి. ముల్లునకు మారుగా అంకెలు వెలుగుచున్నవి. అయినను ముల్లు చేసిన పనినే ఆ యంకెలును చేయుచున్నవి. నమ్మకముగల అమ్మకపుస్త్రీ కాటాను తనవైపునకు గాక కొనువారివైపునకు త్రిప్పి యుంచును. “చూసుకోమ్మా, సరిగ్గా కిలో” అని చూపించి చేపలను సంచిలో వేయును. పిదప తట్టలోనుండి ఒక చిన్నచేపను తీసి పైన వేయును. కిలో న్యాయమునకు చెందినది. దానికి చట్టము కలదు, ముద్ర కలదు, కాటా కలదు. ఆ పై చేప మనుష్యులకు చెందినది. దానికి ఆమె చేయి తప్ప వేరు కొలత లేదు. అంగడికి ఈ రెండును కావలెను.